సగం దవడ

మా పెదనాన్న ముప్పై ఒక్క ఏళ్లు సిటీ బస్సు నడిపాడు. ఆయన గొంతు ఉండగా బండికి హారన్ ఎందుకని డిపోలో అందరూ ఆటపట్టించేవారు. ఆరేళ్ల క్రితం ఆ గొంతు మూగబోయినంత పనైంది. కింది దవడ ఎడమవైపు పుండు లేచింది. కేన్సర్ అన్నారు. ఎముకతో సహా సగం దవడ తీసేశారు. ప్రాణం దక్కింది గానీ పెదవులు పూర్తిగా మూతపడవు. అందుకే ప, బ, మ ఆయన నోట పలకవు. కొత్తవాళ్లకి ఆయన మాట ఒక పట్టాన అర్థం కాదు.

నాకూ మా తమ్ముడికీ నాన్న లేడు. మమ్మల్ని పెంచింది పెదనాన్నే. ఆయన పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు పెళ్లయ్యాక ఊరికి ఆ చివర కాపురం పెట్టాడు. నేనూ పెదనాన్నా ఒక అపార్ట్‌మెంట్ మొదటి అంతస్తులో ఉంటాం. అదే భవనంలో కింద నా కళ్లజోళ్ల దుకాణం. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆయన దుకాణం వెనక గదిలో కూర్చుని ఫ్రేములకి మరలు బిగించేవాడు. ముక్కు దగ్గర్నుంచి మెడ దాకా పల్చటి తువ్వాలు చుట్టుకునే ఉండేవాడు. కస్టమర్లు ఉన్నంతసేపూ ముందు గదిలోకి అడుగు పెట్టేవాడు కాదు. భోజనమైతే నా ముందు కూడా చేసేవాడు కాదు. కంచం తన గదిలోకి తీసుకెళ్లి గడియ పెట్టుకునేవాడు. నేనూ అడగడం మానేశాను.

ఆ గదిలోకి అడ్డూ ఆపూ లేకుండా వెళ్లగలిగింది ఒక్క బ్రేకు. అది కుక్క. గోధుమరంగు, ఒక చెవి నిక్కి ఉంటుంది, ఒకటి వాలి ఉంటుంది. తొమ్మిదేళ్ల క్రితం పిల్లగా ఉన్నప్పుడు డిపోలో పెదనాన్న బస్సెక్కి, ఎంత దింపినా మళ్లీ ఎక్కేసిందట. ఆపితే ఆగదు కాబట్టి ఆయన దానికి బ్రేకు అని పేరు పెట్టాడు. ఆపరేషన్ తర్వాత ఆ పేరు ఆయన నోట "వ్రేకు" అయింది. దానికేం పట్టింపు లేదు, ఎలా పిలిచినా పరిగెత్తుకొచ్చేది.

ఒకరోజు పొద్దున కౌంటర్ దగ్గర ఒకావిడకి అద్దాలు సరిచూస్తున్నాను. పెదనాన్న వెనక గదిలోంచి బయటికొచ్చాడు. చేతుల్లో బ్రేకు ఉంది. కస్టమర్ ఉండగా ఆయన అలా రావడం నేనెప్పుడూ చూడలేదు.

"దీని నోరు వాసన చూడు" అన్నాడు.

"కుక్క నోరు మరి మల్లెపూల వాసన వస్తుందా పెదనాన్నా? కాసేపాగు, వస్తాను."

"ఈ వాసన నాకు తెలుసు" అన్నాడు. అంతే. ఆ మాట తీరు విని నా చేతిలో ఉన్న ఫ్రేము కింద పెట్టేశాను.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. వారం పది రోజులుగా అది తల ఒక పక్కకి వంచి తింటోంది. నమిలేదంతా ఎడమవైపే. అది పడుకునే గోనెపట్టా మీద గులాబిరంగు మరకలుంటే, ఏదో నాకి వచ్చిందనుకుని ఉతికి ఆరేశాను.

వెనక వీధిలో ఉన్న పశువుల డాక్టరుకి చూపించాం. ఆయన పెదవి కాస్త పైకెత్తి పైపైన చూసి, "వయసైపోయిందండీ. పళ్లకి పాచి పట్టింది" అని మాత్రలు రాశాడు. పది రోజులు వేశాం. పదకొండో రోజుకి ముందు పళ్లు రెండు కదలడం మొదలుపెట్టాయి. పెదనాన్న దాన్ని కిటికీ దగ్గర ఒళ్లో పడుకోబెట్టుకుని, నేను అద్దాలు చూసే భూతద్దం తెమ్మన్నాడు. కింది వరసలో కుడి కోరపన్ను వెనకాల బఠాణీ గింజంత ఎర్రటి ముద్ద, పైన పచ్చిపుండులా ఉంది.

"పద, వేరే డాక్టరు దగ్గరికి" అన్నాడు.

రెండు బస్సులు మారి పెద్ద పశువుల ఆసుపత్రికి వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ పొడుగ్గా, సన్నగా ఉంది. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచింది. నోరంతా చూసింది, గొంతు కింద రెండు వైపులా వేళ్లతో తడిమింది. ఛాతీకి ఎక్స్‌రే తీయించి, మత్తిచ్చి పుండులోంచి చిన్న ముక్క కోసి పరీక్షకి పంపింది. నోరు చూసి ఏమిటో చెప్పలేనని, ముక్క చూస్తేనే తెలుస్తుందని చెప్పింది.

ఎనిమిది రోజుల తర్వాత మళ్లీ పిలిచారు. ఆ రోజు హాల్లో మా పక్కన ఒకావిడ బుట్టలో బూడిదరంగు పిల్లితో కూర్చుంది. బ్యాంకులో గుమస్తానని చెప్పింది. పిల్లి గడ్డమంతా చొంగతో తడిసి, వెంట్రుకలు అట్టకట్టుకుపోయి ఉన్నాయి. నాలుక కింద గడ్డ అట. బయటికి కనబడేటప్పటికే వేళ్లూనుకుపోయిందట.

"దీనికి ఆపరేషన్ కుదరదన్నారండీ" అందావిడ. "పిల్లులు ఓ పట్టాన బయటపెట్టవుగా. తిండి మానేస్తే అలిగిందనుకున్నాను. వారం రోజులు బతిమాలాను కూడా."

"మరి ఇప్పుడేం చేస్తారు?" అన్నాను.

"నొప్పి తెలియకుండా మందిస్తున్నారు. మందు పనిచేసినన్ని రోజులు ఒళ్లో పెట్టుకుంటాను. అది పనిచేయని రోజు నేనే తీసుకొస్తాను. ఒక్క పూట కూడా ఎక్కువ ఉంచను. మా ఇంట్లో అందరూ దేవుడికి వదిలెయ్యమంటున్నారు. నేను ఎవరికీ వదలను, నా పిల్లి."

ఆవిడ లోపలికి వెళ్లేటప్పుడు పెదనాన్న బుట్ట తాను పట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి అందించి వచ్చాడు.

మా వంతు వచ్చింది. డాక్టరమ్మ కాగితం ముందు పెట్టుకుని తిన్నగా చెప్పింది. చిగుళ్ల పైపొరలో పుట్టే కేన్సర్. ఎముకలోకి దిగింది. గొంతు గ్రంథుల్లోకి గానీ ఊపిరితిత్తుల్లోకి గానీ పాకిన గుర్తు లేదు.

"కుక్కల్లో ఇది నోటి ముందు భాగంలో వస్తే, చుట్టూ మంచి ఎముకతో సహా తీసేస్తే చాలామటుకు తిరిగి రాదండీ. చాలామటుకు అంటున్నాను, ఖాయంగా అనడం లేదు."

"ఎంత తియ్యాలి?" అని అడిగాను.

ఆవిడ పెన్ను తీసి తన గడ్డం మీదే గీత గీసినట్టు చూపించింది. "కింది దవడ ముందు భాగం, కోరపన్నుతో కలిపి. కుడివైపు సగం దాకా. నాలుక పక్కకి వేలాడుతుంది. చొంగ కారుతుంది. మొహం మారిపోతుంది."

"తినగలదా?" అన్నాడు పెదనాన్న.

డాక్టరమ్మకి మొదటిసారి అర్థం కాలేదు. ఆయన మళ్లీ అడిగాడు. ఈసారి అర్థమైంది. ఆవిడ ఆయన తువ్వాలు వైపు చూసింది. చూసి, చూపు తిప్పుకోలేదు.

"తింటుందండీ. మీకంటే త్వరగా నేర్చుకుంటుంది. వాటికి అద్దంతో పని లేదు కదా. ఆ మొహం చూసి కుంగిపోయేది ఇంట్లోవాళ్లే."

తువ్వాలు వెనక పెదనాన్న నవ్వాడు. భుజాలు కదలడం చూసి తెలిసింది నాకు.

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. వాడికి బ్రేకంటే ప్రాణం. అది పిల్లగా ఉన్నప్పుడు మెడకి తాడు కట్టి ఈతకి తీసుకెళ్లేవాడు. దాని నోరు చూడగానే వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాం. పెదనాన్న తన కంచం పట్టుకుని ఎప్పట్లాగే గదివైపు వెళ్తున్నాడు.

"అక్కా, ఆలోచించు" అన్నాడు తమ్ముడు. "దానికేం తెలుసు? దాన్ని కోసి, కుట్టి, ఆ నొప్పంతా పెట్టి... మన తృప్తి కోసం కాదూ? ఒక్క సూది చేయిస్తే హాయిగా నిద్రపోతుంది."

"డాక్టరమ్మ బతుకుతుందంటోంది కదరా."

"ఏం బతుకు? సగం దవడతో, చొంగ కార్చుకుంటూ, ఎవరికీ మొహం చూపించుకోలేక... అదీ ఒక బతుకేనా?"

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ వాడికి తెలియలేదు ఏమన్నాడో. మొహం పాలిపోయింది. "పెదనాన్నా, నేను అన్నది..." అని లేవబోయాడు.

పెదనాన్న గుమ్మంలో ఆగిపోయాడు. వెనక్కి తిరిగి వచ్చి, కంచం బల్ల మీద పెట్టి, తమ్ముడికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తువ్వాలు ముడి విప్పి కుర్చీ వీపుకి వేశాడు. ఆరేళ్లలో నేను ఆ మొహం పూర్తిగా చూసింది ఆసుపత్రిలో కట్లు మార్చినప్పుడే. ఎడమవైపు చెంప లోపలికి జారిపోయి, కింది పెదవి ఒక మూలకి లాగినట్టు ఉంది. కుట్టు గీత చెవి దాకా పోయి ఉంది.

"కూర్చో" అన్నాడు తమ్ముడితో.

చెంచాతో మెత్తటి కూర తీసుకుని కుడివైపు బుగ్గలో పెట్టుకున్నాడు. తల కాస్త వంచి, నాలుకతో తోసుకుంటూ నమిలాడు. పులుసు కింది పెదవి మీంచి జారి చొక్కా మీద పడింది. తుడుచుకోలేదు. మరో చెంచా తీసుకున్నాడు. మేమిద్దరం ముద్ద ముట్టలేదు. ఆయన మాత్రం నిదానంగా, మెతుకు మిగల్చకుండా తిన్నాడు. ఇరవై నిమిషాలు పట్టింది. చివర్లో నీళ్లు తాగి, చేత్తో గడ్డం తుడుచుకున్నాడు.

"ఇదీ ఒక బతుకే" అన్నాడు. "నాకు నచ్చింది కూడా. దాచుకున్నది నేను, అది నా బుద్ధితక్కువ. కుక్కకెందుకు అంటగడతావు?"

తమ్ముడు తల వంచుకున్నాడు. "నన్ను కొట్టు పెదనాన్నా."

"కొడితే నా చెయ్యే నొప్పి. మంగళవారం ఆపరేషన్. కోశాక దాన్ని బస్సులో ఎక్కించలేం. నీ కారు తీసుకురా."

ఆపరేషన్ మూడు గంటలు పట్టింది. రెండో రోజు మమ్మల్ని లోపలికి తీసుకెళ్లి చూపించినప్పుడు నేను గుమ్మంలోనే ఆగిపోయాను. కుట్లు గీరుకోకుండా మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటా, అందులో ముందు భాగం కత్తిరించేసినట్టున్న మూతి, పక్కకి జారిన నాలుక. పెదనాన్న నన్ను దాటుకుని వెళ్లి దాని ముందు నేలమీద కూర్చున్నాడు. "వ్రేకూ" అన్నాడు. తోక నేలకేసి రెండుసార్లు కొట్టింది.

ఇంటికొచ్చాక దాని తిండి బాధ్యత ఆయన ఎవరికీ ఇవ్వలేదు. మెత్తగా ఉడికించింది చిన్న ఉండలు చేసి, ఎడమ బుగ్గ లోపల, నాలుక వెనక్కి పెట్టేవాడు. "నాకు లేనిది ఎడమ, దీనికి లేనిది కుడి. ఎదురెదురుగా కూర్చుంటే అద్దంలో చూసుకున్నట్టే ఉంది" అనేవాడు. ఆసుపత్రిలో నర్సు దగ్గర తాను నెలరోజులు నేర్చుకున్నదంతా దానికి వరసగా చెప్పేవాడు. తల ఇలా వంచు, తొందరపడకు, గుటక వేశాక ఇంకోటి.

బ్రేకు నాలుగు రోజులు బుద్ధిగా విన్నది. ఐదో రోజు గరాటాతో సహా ఆయన కంచంలోకి దూకి, నాలుకని పారలా వాడి సగం కూర ఊడ్చేసింది. మిగతా సగం గోడకీ, పెదనాన్న కళ్లజోడుకీ అంటుకుంది.

"నెల పాఠం నీళ్లపాలు" అన్నాడు ఆయన, జోడు తుడుచుకుంటూ. ఆయన మొహంలో అంత సంతోషం ఎన్నో ఏళ్లయింది చూసి.

కోసిన ఎముక అంచుల్లో కేన్సర్ లేదని రెండో వారంలో కబురొచ్చింది.

కుట్లు ఊడాక అసలు గొడవ మొదలైంది. పెదనాన్న రోజూ ఎనిమిది గంటలకి బ్రేకుని ముందు గేటులోంచి తీసుకెళ్లేవాడు. ఆఫీసులకి వెళ్లేవాళ్లూ, బడి వ్యాన్ల కోసం నిలబడ్డవాళ్లూ అందరూ ఉండే సమయం. తువ్వాలు లేదు. ఆయన మొహం ఆయనది, దాని మొహం దానిది, ఇద్దరూ తాపీగా నడిచేవారు. నాలుగో రోజు భవనం సెక్రటరీగారు నా దుకాణానికి వచ్చారు. కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. మర్యాదస్తుడే, కాకపోతే ప్రతిదానికీ ఒక నోటీసు రాస్తాడు.

"ఏం అనుకోకమ్మా" అన్నాడు. "నలుగురు ఇబ్బంది పడుతున్నారు. ఆ కుక్క నోట్లోంచి మెట్ల మీద చొంగ పడుతోంది. చిన్నపిల్లలు జడుసుకుంటున్నారు. వెనక గేటు ఉంది కదా, అటు తీసుకెళ్లమని మీ పెదనాన్నగారికి చెప్పకూడదూ?"

"చొంగ నేను తుడుస్తానండీ. రేపట్నుంచి మరక కనబడితే నన్ను పిలవండి. వెనక గేటు మాట మాత్రం మీరే ఆయనకి చెప్పండి."

పెదనాన్నకి చెప్పే ధైర్యం లేక, సెక్రటరీ దాన్ని నెలవారీ సమావేశంలో అంశంగా పెట్టాడు. నోటీసు బోర్డు మీద మూడో అంశం: "పెంపుడు జంతువుల రాకపోకలు."

సమావేశం సాయంత్రం మేడమీద. పాతికమంది వచ్చారు. పెదనాన్న తన మాటలు కాగితం మీద రాసిస్తే నేను చదువుతానన్నాను. "నీకు నోరుంది, నీ మాట నువ్వు చెప్పుకో. నా మాట నేను చెప్పుకుంటాను" అన్నాడు. మూడో అంశం రాగానే లేచి నిలబడ్డాడు. బ్రేకు పక్కనే కూర్చుంది, నాలుక ఒక పక్కకి వేలాడేసుకుని.

ఒక వాక్యం చెప్పాడు. ఎవరికీ అర్థం కాలేదు. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు.

"క్షమించాలి, మళ్లీ చెప్పండి" అన్నాడు సెక్రటరీ.

మళ్లీ చెప్పాడు. ఇంకా నెమ్మదిగా. సెక్రటరీ నావైపు చూశాడు, చెప్పమన్నట్టు. నాకు ప్రతి మాటా తెలుస్తోంది. నోరు తెరవబోయి ఆయన మొహం చూసి ఊరుకున్నాను. చెమటలు పడుతున్నాయి ఆయనకి. మూడోసారి మొదలుపెట్టాడు. చెయ్యి కుర్చీ వీపు మీద గట్టిగా ఆనించి, ఒక్కో మాటా విడదీసి, పలకని అక్షరం దగ్గర ఆగి, దాన్ని గొంతులోంచి లాగినట్టు లాగి.

మూడో అంతస్తు ముసలావిడ, చెవిలో మిషను పెట్టుకునే మనిషి, ముందు వరసలోంచి చెయ్యెత్తింది. "నాకు అర్థమైంది" అంది. "ముప్పై ఒక్క ఏళ్లు రోజుకి వెయ్యి మందిని ముందు తలుపులోంచి ఎక్కించుకున్నాను, ఎవరి మొహమూ చూసి దింపెయ్యలేదు, నేను వెనక గేటుకి పోను. అంతేనా అన్నయ్యా?"

"అంతే" అన్నాడు పెదనాన్న.

"మిషను పెట్టుకున్నదాన్ని నాకే వినబడింది, మీకేం వచ్చింది?" అని వెనక్కి తిరిగి అడిగిందావిడ.

కొందరు నవ్వారు. ఒకాయన మాత్రం నవ్వలేదు. పిల్లలకి రాత్రి కలలొస్తున్నాయని గట్టిగానే అన్నాడు. పెదనాన్న ఆయన మాట పూర్తిగా విన్నాడు. "మీ పిల్లల్ని తీసుకురండి, దాన్ని ముట్టుకోనివ్వండి" అన్నాడు. ఆ మాట అందరికీ అర్థమయ్యేలా నేను తిరిగి చెప్పాను, పెదనాన్న సరేనని తల ఊపాక. ఆ మనిషి తీసుకురాలేదు. ఇప్పటికీ మమ్మల్ని చూస్తే లిఫ్టు తలుపు మూసేస్తాడు. మూడో అంశం మీద ఓటు వేయమని ఎవరూ అడగలేదు. సెక్రటరీ తర్వాతి అంశానికి, నీళ్ల ట్యాంకు కడగడానికి, వెళ్లిపోయాడు.

మూడు నెలలకోసారి బ్రేకుని చూపించాలి. రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ దాని నోరు, గొంతు చూడడం అయ్యాక, "మీరెప్పుడు చూపించుకున్నారండీ చివరిసారి?" అని పెదనాన్నని అడిగింది. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. మూడేళ్లయింది. తెలిసీ నేను ఒత్తిడి చేయలేదు. అడిగితే గడియ పెట్టుకుంటాడని భయం.

"కుక్కని తెచ్చినట్టు ఈయన్ని తీసుకెళ్లండి" అంది నాతో.

తీసుకెళ్లాను. నాలుక అంచున ఒక తెల్లటి మచ్చ కనబడింది. ఇంకా కేన్సర్ కాలేదు, ఆలస్యం చేస్తే అయ్యేదే అన్నారు. పది నిమిషాల పని, తీసేశారు. ఇంటికొస్తూ బస్సు దిగాక, "వచ్చే మూడు నెలలకి ఇద్దరికీ ఒకే రోజు పెట్టించు. రెండు సెలవులెందుకు నీకు?" అన్నాడు.

బ్యాంకు గుమస్తావిడ ఒకసారి నా దుకాణానికి వచ్చి చదువుకునే అద్దాలు తీసుకుంది. పిల్లిని తానన్నట్టే, మందు పనిచేయని రోజు పొద్దున్నే తీసుకెళ్లిందట. ఆ ముందు రోజు దాకా పెరుగు నాకిందని చెప్పింది. పెదనాన్న ఆవిడ ఫ్రేముకి మరలు తానే బిగించి, ముక్కు మీద సరిగ్గా ఆనిందో లేదో చూశాడు.

ఏడాది నిండిన రోజు ఆసుపత్రికి వెళ్తే, నోరు శుభ్రంగా ఉంది, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. డాక్టరమ్మ హాల్లో గోడకి ఒక బోర్డు తయారు చేయిస్తోంది. పెంపుడు జంతువులకి నెలకోసారి పెదవి పైకెత్తి చిగుళ్లు చూడాలనీ, దుర్వాసన, చొంగలో రక్తం, ఒక పక్కే నమలడం కనబడితే వయసనుకుని ఊరుకోవద్దనీ రాసి ఉంది. దాని పక్కన పెట్టడానికి బ్రేకు ఫొటో కావాలంది. ఫొటో తీసే అతను దాన్ని బల్ల మీద కూర్చోబెట్టి, చుట్టూ తిరిగి చూసి, ఎడమవైపు వచ్చి కెమెరా సర్దుకున్నాడు.

"ఇటు నుంచి అయితే ఏమీ తెలియదండీ, బాగా వస్తుంది" అన్నాడు.

పెదనాన్న వెళ్లి అతని మోచెయ్యి పట్టుకుని, మెల్లగా కుడివైపుకి తీసుకొచ్చి నిలబెట్టాడు. బ్రేకు తల తిప్పి ఆయన్ని చూసింది. లేని దవడ పక్కనుంచి నాలుక జారి, చొంగ ఒక దారంలా బల్ల మీదికి సాగింది.

"ఇప్పుడు తియ్యి" అన్నాడు.